దేవుని కన్ను అని నేను చూపించిన బొమ్మ

(రేడియో ప్రసంగ పాఠము)

ధ్యాన వాక్యభాగము: 147వ కీర్తన 3, 4 వచనములు

 

ఈ ఉదయము 147వ కీర్తనలో రెండు వచనములు ధ్యానించుకుందాము. బైబిలు దగ్గరున్నవారు తెరచి చూడండి. 3వ వచనములో దేవుడు ఒక వైద్యునిలాగా కనిపిస్తాడు. పగిలిన మనసుల దగ్గర కూర్చుని, గాయాలకు గుడ్డ చుడుతున్నాడు. 4వ వచనములో అదే దేవుడు నక్షత్రాలను లెక్కపెట్టి, ఒక్కొక్కదానిని పేరుతో పిలుస్తున్నాడు. ఈ రెండు పనులకు మధ్య ఒక్క గీత కూడా లేదు. ఈ రెండు వచనములు ఎందుకు ప్రక్కప్రక్కన ఉన్నవో నాకు చాలా కాలము అర్థము కాలేదు. నా వలన ఒక గాయము కలిగిన తరువాతనే అర్థమైనది.

రేడియోలో బొమ్మ చూపించలేను. కానీ ఈ రోజు మీతో ఆకాశపు బొమ్మల గురించే మాట్లాడాలి. నేను తప్పుగా చూపించిన బొమ్మతోనే మొదలుపెడతాను.

2004వ సంవత్సరములో ఈ సంగతి జరిగింది. మా సంఘములో ఒక సహోదరుడు ఇంటర్నెట్ సెంటరులో ఒక రంగుల బొమ్మ ప్రింటు తీయించి తెచ్చాడు. మధ్యలో నీలము, దాని చుట్టూ కనురెప్పలవంటి ఎర్రని వలయము. అచ్చముగా కన్నే. క్రింద ఇంగ్లీషులో నాలుగు మాటలున్నాయి. ఇది నాసావారు తీసిన దేవుని కన్ను అని, 3000 సంవత్సరములకు ఒక్కసారే కనబడుతుందని, పదిమందికి పంపితే మేలు కలుగుతుందని వ్రాసి ఉంది. నేను ఎవరినీ అడుగలేదు. లామినేషన్ చేయించి, ఆదివారము ప్రసంగ పీఠము మీద నుండి ఎత్తి చూపించాను. శాస్త్రజ్ఞులే దేవుని కన్నును ఫోటో తీశారు, ఇంకా నమ్మరా అని గట్టిగా అడిగాను. కొందరు కన్నీరు కార్చారు. ఆరాధన తరువాత తల్లులు వచ్చి ఆ బొమ్మను కళ్ళకు అద్దుకున్నారు.

ఆ సాయంకాలము ఒక కుర్రవాడు మా ఇంటికి వచ్చాడు. డిగ్రీలో ఫిజిక్సు చదువుతున్నాడు. సండే స్కూలులో నా చేతుల మీద పెరిగిన బిడ్డ. పేరు చెప్పను. గుమ్మము దగ్గర నిలబడి చాలా మర్యాదగా, "అయ్యగారూ, అది కన్ను కాదండీ. అయిపోతున్న ఒక నక్షత్రం అండీ. మూడు వేల ఏళ్ళకోసారి రావడం కూడా కాదండీ, ఎప్పుడూ అక్కడే ఉంటుందండీ" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "నీకు చదువు ఎక్కువైంది బాబూ" అన్నాను. అంతటితో ఊరుకోలేదు. మరుసటి ఆదివారము జ్ఞానగర్వము గురించి ప్రసంగము చేశాను. పేరు చెప్పలేదు గాని అందరికీ తెలిసింది. వాళ్ళ అమ్మ తల వంచుకుంది. ఆ బిడ్డ మరి మూడు నాలుగు వారాలు వచ్చి, తరువాత రావడము మానేశాడు.

ప్రియులారా, ఆ కుర్రవాడు చెప్పినదే నిజము. దానిని హెలిక్స్ నెబ్యులా అంటారు. కుంభరాశి దిక్కున, మనకు దాదాపు 650 కాంతి సంవత్సరముల దూరములో ఉంది. ఒక కాంతి సంవత్సరమంటే సుమారు తొమ్మిదిన్నర లక్షల కోట్ల కిలోమీటర్లు. మన సూర్యునివంటి ఒక నక్షత్రము, లోపలి ఇంధనము అయిపోయి, తన పైపొరలను వాయువుగా విడిచిపెట్టింది. నడుమ మిగిలిన వేడి ముద్ద ఆ వాయువును వెలిగిస్తుంది. హబుల్ టెలిస్కోపు తీసిన చిత్రాలకు అమెరికాలోని కిట్ పీక్ అబ్జర్వేటరీ చిత్రాలను కలిపి 2003లో ఆ బొమ్మను విడుదల చేశారు. చీకటి రాత్రి ఒక చిన్న టెలిస్కోపుతో కూడా ఆ నెబ్యులాను మసకగా చూడవచ్చు.

ఆరు నెలల తరువాత ఒక కాలేజీ లెక్చరరు గారు పుస్తకము తెరచి ఇదంతా నాకు చూపించారు. అప్పుడైనా సంఘము ముందు నిలబడి "నేను తప్పు చెప్పాను" అనవలసింది. అనలేదు. నా మాట పలచనవుతుందని భయపడ్డాను. తెలియక చెప్పినది పొరపాటు. తెలిసిన తరువాత మౌనముగా ఉన్నది పాపము. ఆ మౌనము ఏడు సంవత్సరములు నడిచింది.

ఆ కాలములో ప్రభువు నాకు నేర్పిన మూడు సంగతులు మీతో పంచుకుంటాను.

మొదటిగా, కొలత తప్పితే చూపు తప్పుతుంది.

ఆ బొమ్మను తీసిన హబుల్ టెలిస్కోపు సంగతే వినండి. 1990 ఏప్రిల్ 24న దానిని అంతరిక్షములోనికి పంపారు. దానిలో ప్రధానమైన అద్దము వెడల్పు 2.4 మీటర్లు. అంత నునుపైన అద్దము అంతకు ముందు లేదన్నారు. తీరా మొదటి చిత్రాలు వస్తే అన్నీ మసకే. చుక్కలాగా ఉండవలసిన నక్షత్రము చుట్టూ వెలుగు చెదిరిపోయింది. వెదికితే, అద్దము అంచు దగ్గర ఉండవలసిన దానికన్నా 2.2 మైక్రాన్లు పల్లముగా అరిగింది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. తలవెంట్రుక మందములో 50వ వంతు తేడా అన్నమాట!

ఎందుకు జరిగింది? అరగదీసినవారు అజాగ్రత్తగా చేయలేదు. అద్దము సరిగా ఉందో లేదో చూచే పరికరమునే తప్పుగా బిగించారు. దానిలో ఒక భాగము ఉండవలసిన చోటికి 1.3 మిల్లీమీటర్లు తేడాగా ఉంది. ఆ తప్పు కొలబద్దకు సరిపోయేలాగా అద్దమును ఎంతో ఓపికగా, ఎంతో నేర్పుగా, తప్పుగా అరగదీశారు. గమనించండి, వేరే చిన్న పరీక్షలు తేడా ఉందని చూపించాయి. కానీ పెద్ద పరికరము మీద నమ్మకముతో ఆ చిన్న పరీక్షలను ప్రక్కన పెట్టారు.

ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను పెద్ద పరికరమును. గుమ్మము దగ్గర నిలబడిన ఆ కుర్రవాడు చిన్న పరీక్ష. నేను వానిని ప్రక్కన పెట్టాను. సామెతల గ్రంథము 11వ అధ్యాయము మొదటి వచనము దొంగత్రాసు గురించి హెచ్చరిస్తుంది. దొంగత్రాసు బజారులోనే కాదు, ప్రసంగ పీఠము మీద కూడా ఉండగలదు.

మరి హబుల్‌ను చేసినవారు ఏమి చేశారు? దాదాపు రెండు నెలలకే, 1990 జూన్ నెలలో, లోకమంతటి ముందు తప్పును ఒప్పుకున్నారు. పత్రికలు ఎగతాళి చేశాయి. కార్టూన్లు వేశారు. అయినా దాచలేదు. తప్పు ఎక్కడ ఉందో, ఎంత ఉందో సరిగ్గా లెక్కగట్టారు. 1993 డిసెంబరులో ఏడుగురు వ్యోమగాములు ఎండీవర్ నౌకలో వెళ్ళి, దాదాపు 600 కిలోమీటర్ల ఎత్తున, ఐదుసార్లు నౌక బయటికి వచ్చి పని చేశారు. పెద్ద అద్దమును మార్చలేదు. దాని తప్పుకు సరిగ్గా ఎదురుగా ఉండే చిన్న అద్దాలను, దిద్దుబాటు కలిగిన కొత్త కెమెరాను అమర్చారు. 1994 జనవరిలో స్పష్టమైన చిత్రాలు బయటికి వచ్చాయి.

తప్పు ఎంతో ఖచ్చితముగా తెలిసింది గనుక దిద్దుబాటు ఖచ్చితముగా కుదిరింది. మన ఒప్పుకోలు కూడా అట్లాగే ఉండాలి. "ప్రభువా, నాలో ఏవైనా లోపాలుంటే క్షమించు" అని పైపైన అనేది ఒప్పుకోలు కాదు. ఏ రోజున, ఎవరిని, ఏ మాటతో గాయపరచానో పేరు పెట్టి చెప్పాలి. వారు రెండు నెలలలో చెప్పారు. నాకు ఏడు సంవత్సరములు పట్టింది.

రెండవదిగా, దేవునికి మన అబద్ధము అవసరము లేదు.

యోబు గ్రంథము 13వ అధ్యాయము 7వ వచనమును ఇంటికి వెళ్ళి చదవండి. యోబు తన స్నేహితులను నిలదీస్తాడు. దేవుని పక్షము వహిస్తున్నామని చెప్పి అసత్యము పలుకుతారా అని అడుగుతాడు. దేవుని కొరకే కదా అని చెప్పిన అబద్ధము కూడా అబద్ధమే.

ఆకాశపు చిత్రాలను విడుదల చేసే శాస్త్రజ్ఞుల దగ్గర ఇక్కడ మనము ఒక పాఠము నేర్చుకోవాలి. హబుల్ కెమెరా రంగుల ఫోటో తీయదు. నలుపు తెలుపులలోనే తీస్తుంది. ఒక్కొక్కసారి ఒక్కొక్క ఫిల్టరు పెట్టి తీసి, తరువాత ఒక్కొక్కదానికి ఒక్కొక్క రంగు ఇచ్చి కలుపుతారు. 1995లో వచ్చిన సృష్టి స్తంభములు అనే ప్రసిద్ధ చిత్రము మీలో కొందరు చూచి ఉంటారు. 6500 కాంతి సంవత్సరముల దూరములో నక్షత్రాలు పుట్టే ధూళి మేఘాలవి. దానిలో గంధకమునకు ఎరుపు, హైడ్రోజనుకు ఆకుపచ్చ, ఆక్సిజనుకు నీలము ఇచ్చారు. 2021 క్రిస్మస్ రోజున పైకి వెళ్ళిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు అయితే మన కంటికి బొత్తిగా కనబడని వెలుగును చూస్తుంది. దానిని మనము చూడగలిగే రంగులలోనికి మారుస్తారు.

"అయితే అవి అబద్ధపు బొమ్మలా?" అని ఎవరైనా అడుగవచ్చు. కాదు. స్కూలు పటములో కృష్ణా జిల్లాకు పసుపు రంగు వేస్తే, అక్కడి నేల పసుపుగా ఉందని కాదు. హద్దులు తెలియడానికి వేసిన రంగు అది. ఏ రంగు ఎందుకు వేశారో క్రింద వ్రాసి ఉంటుంది గనుక పటము నమ్మదగినది. ఆ శాస్త్రజ్ఞులు కూడా ఏ రంగు దేనికి ఇచ్చారో దాచకుండా చెబుతారు. అబద్ధము బొమ్మలో లేదు. క్రింద మనము అంటించిన మాటలలో ఉంది. దేవుని కన్ను అని, 3000 సంవత్సరములకు ఒకసారి అని వ్రాసిన ఆ నాలుగు మాటలలో ఉంది. దానిని ఎత్తి చూపిన నా చేతిలో ఉంది.

ఈనాడు ఇంటర్నెట్ సెంటరుకు కూడా వెళ్ళనక్కరలేదు. వాట్సాప్‌లో ఇంటికే వస్తున్నాయి. టెలిస్కోపులో పరలోక పట్టణము కనబడిందని ఒకటి. యెహోషువ కాలములో సూర్యుడు నిలిచిన దినమును నాసా కంప్యూటర్లు కనుగొన్నవని మరొకటి. రెండవ కథను నేనే ఎన్నోసార్లు చెప్పాను. అటువంటిదేమీ జరుగలేదని నాసావారే చెప్పారు. యెహోషువ గ్రంథమును మనము నమ్ముతున్నాము. ఆ నమ్మకమునకు కట్టుకథ ఊతకర్ర ఎందుకు? కర్ర విరిగిన రోజున మన పిల్లలు, దానితోబాటు నమ్మకము కూడా విరిగిందనుకుంటారు. ఒక బిడ్డ అట్లాగే అనుకున్నాడు.

మూడవదిగా, చిన్నదానిని దేవుడు చిన్నచూపు చూడడు.

ఆకాశపు చిత్రాలు చూచి కొందరి హృదయము క్రుంగిపోతుంది. ఇంత విశాలములో నేనెంత, నా కన్నీరు ఎవరికి కావాలి అనుకుంటారు. 8వ కీర్తనలో దావీదు కూడా చంద్రుని, నక్షత్రాలను చూచి, మానవమాత్రుని నీవు లక్ష్యపెట్టడమేమిటి ప్రభువా అని ఆశ్చర్యపోయాడు.

1968 డిసెంబరు 24న అపోలో 8 నౌకలో ఫ్రాంక్ బోర్మన్, జేమ్స్ లోవెల్, విలియం ఆండర్స్ చంద్రుని చుట్టూ తిరుగుతున్నారు. చంద్రుని నేలను ఫోటోలు తీయడము వారి పని. నాలుగవ చుట్టులో కిటికీలోనుండి, బూడిదరంగు చంద్రుని అంచు మీదుగా నీలి భూమి పైకి లేస్తూ కనబడింది. ఆండర్స్ గబగబా రంగుల ఫిల్ము అడిగి ఆ ఫోటో తీశారు. ఆ రాత్రే ఆ ముగ్గురూ ఆదికాండము మొదటి వచనములను చదువగా, ఇక్కడ భూమి మీద కోట్లమంది విన్నారు. చంద్రుని చూడబోయి భూమిని కనుగొన్నామని ఆండర్స్ తరువాత చెబుతుండేవారు.

1990 ఫిబ్రవరి 14న వాయేజర్ 1 ఇంకా దూరము నుండి, దాదాపు 600 కోట్ల కిలోమీటర్ల నుండి వెనుకకు తిరిగి భూమిని ఫోటో తీసింది. ఆ ఫోటోలో భూమి ఒక నీలిచుక్క. నలక అనుకుని తుడిచివేసేటంత చుక్క. మన రాజ్యాలు, మన కులాలు, మన పొలము గట్ల తగవులు అన్నీ ఆ చుక్కలోనే. ఆ ఫోటో తీయించుమని పట్టుబట్టిన కార్ల్ సేగన్ మనవలె విశ్వాసి కాడు. అయినా ఆ చుక్కను చూచి, మనుషులు ఒకరియెడల ఒకరు మరింత దయగా ఉండాలని ఆయన చెప్పినది మనము కూడా వినదగినది. విశ్వాసినైన నేను ఆ కుర్రవానియెడల అంత దయ కూడా చూపలేదు.

ఇంకొక్క చిత్రము. 1995 డిసెంబరులో హబుల్ సంస్థ డైరెక్టరుగా ఉన్న రాబర్ట్ విలియమ్స్, సప్తర్షి మండలము దగ్గర ఏమీ లేదనిపించే ఒక చీకటి ముక్క వైపు టెలిస్కోపును పది రోజులు గురిపెట్టించారు. వంద మీటర్ల దూరములో టెన్నిస్ బంతి కనబడేటంత చిన్న చోటు. అంత విలువైన సమయమును వృథా చేయవద్దని పెద్ద శాస్త్రజ్ఞులు కొందరు హెచ్చరించారు. 342 సార్లు ఫోటో తీసి కలిపి చూస్తే, ఆ ఖాళీ చోటులో దాదాపు 3000 గెలాక్సీలు! ఒక్కొక్కదానిలో కోట్లాది నక్షత్రాలు.

ఖాళీ అని మనము దాటిపోయిన చోటును ఓపికగా చూస్తే అంత వెలుగు ఉంది. ప్రియులారా, మన సంఘాలలో ఎవరిని మనము ఖాళీ అనుకుని దాటిపోతున్నాము? చివరి బెంచీలో కూర్చునే విధవరాలినా? ప్రశ్నలు అడిగే కుర్రవానినా? పండుగ పూట విజయవాడ స్టేషనులో వేలమంది మధ్య బిడ్డ తప్పిపోతే, తల్లి జనమును లెక్కపెట్టదు. ఒక్క ముఖము కొరకు చూస్తుంది. గుంపు పెద్దదైనకొలది ఆమె ప్రేమ చిన్నదవుతుందా? నక్షత్రాలకు పేర్లు పెట్టిన దేవునికి గాయపడినవాని పేరు తెలుసు. అందుకే ఆ రెండు వచనములు ప్రక్కప్రక్కన ఉన్నవి.

చివరిగా ఆ కుర్రవాని సంగతి. 2011లో వాళ్ళ అమ్మ ప్రభువునందు నిద్రించింది. బెంగుళూరులో ఉద్యోగము చేస్తున్న అతడు వచ్చాడు. భూస్థాపన నేనే జరిగించాను. అందరూ వెళ్ళిన తరువాత అతడు అమ్మ బైబిలు తెచ్చి నా ముందు తెరిచాడు. కీర్తనల దగ్గర ఆ బొమ్మ ఉంది. నేను ఆనాడు పంచిన చిన్న కాపీ. అంచులు నలిగిపోయాయి. "అది నక్షత్రం అని అమ్మకి చెప్పలేకపోయానండీ. మీరు చెప్పిన మాటని దాచుకుంది. నేను తీసేయలేకపోయాను" అన్నాడు.

నేను అక్కడే అతని చేతులు పట్టుకున్నాను. "బాబూ, ఆ రోజు నీవు చెప్పినది నిజము. ఆరు నెలలకే నాకు తెలిసింది. తెలిసీ దాచాను. నీ తల్లి ముందు నిన్ను అవమానపరచాను. నన్ను క్షమించు" అన్నాను. అతడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అమ్మ ఉండగా అని ఉంటే బాగుండేదండీ అయ్యగారూ" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఈ రోజుకీ లేదు. ఆ ఆదివారమే సంఘము ముందు నిలబడి జరిగినదంతా చెప్పాను. నా మాట పలచనవుతుందని ఏడేళ్ళు భయపడ్డానే, ఆ రోజు ఒక పెద్దాయన వచ్చి, "అయ్యగారూ, ఇంక మీరు ఏది చెప్పినా ధైర్యంగా నమ్ముతామండీ" అన్నాడు.

2022 జూలైలో వెబ్ టెలిస్కోపు మొదటి చిత్రాలు వచ్చినప్పుడు అతడు నా ఫోనుకు పంపించాడు. ఏ రంగు ఎందుకో తెలుగులో వ్రాసి పంపాడు. 2023 ఆగస్టు 23న, మన శ్రీహరికోట నుండి వెళ్ళిన చంద్రయాన్ 3 చంద్రుని మీద దిగిన సాయంత్రము ఫోను చేసి చిన్నపిల్లవానిలాగా సంతోషించాడు. గుడికి మాత్రము ఇంకా రాలేదు. వస్తాడో రాడో ప్రభువునకు తెలుసు. వస్తేనే నా క్షమాపణకు అర్థమని నేను అనుకోను. అతనికి నేను బాకీ ఉన్నది నిజము. ఆ నిజము కూడా ఆలస్యముగా ఇచ్చాను.

ప్రియ స్నేహితులారా, ఈ వారములో మీరు మూడు పనులు చేయండి. ఫోనులో వచ్చిన ఏ అద్భుతపు బొమ్మనైనా, తెలిసినవారిని అడుగకుండా ఇంకొకరికి పంపవద్దు. మీ ఇంటి బిడ్డ కష్టమైన ప్రశ్న అడిగితే గద్దించవద్దు. తెలియకపోతే "తెలియదు బాబూ, కలిసి తెలుసుకుందాము" అనండి. మూడవది, ఎవరి యొద్దనైనా ఒప్పుకోవలసిన తప్పు ఉంటే, వారి తల్లిదండ్రులు బ్రతికి ఉండగానే వెళ్ళండి.

ఈ రాత్రి కరెంటు పోతే విసుగుకొనకుండా డాబా మీదికి వెళ్ళి తల ఎత్తి చూడండి. ఆకాశము దేవుని మహిమను తెలుపుతున్నదని 19వ కీర్తన చెబుతున్నది. దానికి మనము ఒక్క మాట కూడా కలుపనక్కరలేదు.

ప్రార్థన చేసుకుందాము. నక్షత్రాలను పేరుపేరున ఎరిగిన తండ్రీ, నీ పేరట మేము పలికిన అసత్యములను క్షమించుము. మా మాటలవలన గాయపడి దూరమైన బిడ్డలను నీవే వెదకుము. వారి గాయములను నీ చేతులతో కట్టుము. వెళ్ళి ఒప్పుకొనే ధైర్యము మాకు దయచేయుము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు మిమ్మును, మీ ఇంటివారిని దీవించును గాక. మరల వచ్చే వారము ఇదే సమయమునకు కలుసుకుందాము.